అనాథ యను మాట

నాథుడు లేనివాడు అనాథ. ఈ మాటను మనము ఎంత తేలికగా వాడుచున్నామో, గద్వాల ప్రాంతమున ఒక బాలల వసతిగృహపు వరండాలో కూర్చుండి పిల్లలతో మాటలాడిన నాడు గాని నాకు తెలియరాలేదు. తండ్రి గతించి, తల్లి ఏ ఊరికి కూలికి పోయినదో తెలియక, రిజిస్టరులో అనాథలుగా నమోదైన ఆ పసివారిని "మీ అవ్వది ఏ ఊరు?" అని అడుగగా, ఒకడు వనపర్తి దాపున చెరువుకట్ట క్రింది పల్లె యనెను, ఒక బాలిక తన మేనమామ నాగర్‌కర్నూలు వైపున ఎడ్లబేరము చేయునని చెప్పెను, మూడవవాడు ఊరిపేరు మరచినను, అవ్వ ఇంటిముందరి వేపచెట్టును, దానికి కట్టిన మేకను, ఆ మేక చెవిమీది తెల్లమచ్చను మాత్రము మరువలేదు. ఇందరు కలిగియుండియు వీరు అనాథలెట్లయిరి?

కృష్ణా తుంగభద్రలు ఒరసికొని పారుచున్నను, చేలు వానకై మొగమెత్తి చూచుచుండిన ఈ పాలమూరు సీమనుండి తరతరములుగా గుంపు మేస్త్రీల వెంట బొంబాయికి, పూనాకు, దూరదేశపు ప్రాజెక్టుల మట్టిపనులకు జనులు తరలిపోయిరి. పోవునప్పుడు పిల్లలను అవ్వతాతలకడ విడిచిపోవుట ఇచ్చట వాడుక. ఆ ముసలిప్రాణము రాలిపోయెనా, పిల్లవానికి ఊరితో నున్న ముడి ఊడిపోవును. గద్వాల సీడ్ పత్తి చేలలో సాయంకాలము మొగ్గ గిల్లుటకు, మరునాటి ఉదయమున పుప్పొడి అద్దుటకు చిన్నచేతులనే కోరి పిలిచిన కాలమును మనమెరుగుదుము. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట పోలీసులు ఇట్టి పిల్లలను వెదకి తెచ్చుచున్నారు. తెచ్చినవారిని ఎవరి వాకిట దింపవలెనను చింత అటుపిమ్మట మొదలగును.

2015 నాటి బాలల న్యాయచట్టము పిల్లవానిని సంస్థలో నుంచుట కట్టకడపటి ఉపాయముగా మాత్రమే చూడవలెనని చెప్పుచున్నది. దత్తత విషయమున బంధువెవరో నిర్వచించుచు ఆ చట్టమే ఇంగ్లీషున రెండు మూడు మాటలతో సరిపెట్టిన చోట, మన భాష పెదనాయన, చిన్నాయన, మేనమామ, మేనత్త, పెద్దమ్మ, చిన్నమ్మ అని ఒక్కొక్కరికి ఒక్కొక్క పీట వేసి కూర్చుండబెట్టినది. మేనమామ యనగానే ఆ బిడ్డపై అతనికి గల హక్కును, అతనిపై ఆ బిడ్డకు గల చనువును ఆ పేరులోనే వినబడును. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగరు జిల్లానుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలైనవి. చుట్టరికములు మాత్రము ఆ గీతలనెరుగవు. గద్వాల ఆడబిడ్డ వనపర్తి కోడలు. ఆమె అన్న నాగర్‌కర్నూలు కాపు. కావున ఒక్క పిల్లవానిని ఇంటికి చేర్చుటకు కాగితము రెండు జిల్లాల బాలల సంక్షేమ సమితులను దాటవలసివచ్చుచున్నది.

ఒక స్వచ్ఛందసంస్థలో పనిచేయు యువతి వెంట నేను ఆ చెరువుకట్ట క్రింది పల్లెకు పోయితిని. అవ్వ ఉన్నది; చూపు మందగించినది. ఇల్లు నడుపువాడు మేనమామ. అతడు మమ్ము మంచముపై కూర్చుండబెట్టి, తాను నిలుచుండియే, "నాకే ముగ్గురు పిల్లలు సారూ. మేస్త్రీ తాన అడ్వాన్సు తీస్కుంటి. దసరా ఎల్లంగనే పూనా పోవాల. వీన్ని ఎవరి మీద ఇడ్సిపోదు?" అనెను. ఆ క్షణమున అతనిని కఠినుడని తలచితిని. ఆ తలపునకు నేటికిని సిగ్గుపడుచున్నాను. పిల్లవానిని చేర్చవలెనను ఆత్రములో మేము అడుగ మరచిన ప్రశ్ననే అతడు అడిగినాడు. ఆ యువతి అతనితో వాదింపలేదు, బంధుధర్మమును బోధింపలేదు. అడ్వాన్సు ఎంతో, బడి ఎంత దూరమో, అతడు పూనాలో నున్న నెలలలో అవ్వకు జ్వరము వచ్చిన చూచువారెవరో వ్రాసికొనినది. నాలుగుమారులు మరల వచ్చినది. మిషన్ వాత్సల్య క్రింద సంరక్షకులకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ కలదు. దానికి దరఖాస్తు పెట్టించినది. మంజూరగువరకు రెండు బస్తాల బియ్యము సంస్థ ఇచ్చినది. నాలుగవమారు, అంతవరకు నోరు మెదపని మేనమామ భార్య, చేటలో బియ్యము చెరుగుచునే, "మా పిల్లలు తిన్నదే వాడూ తింటడు, తోల్కరాండ్రి" అనెను. సమితి ఉత్తర్వుకంటె ఆ మాటయే ఆ ఇంటి తలుపు తెరచినదని నా నమ్మకము.

పిల్లవాడు వచ్చిన దినమున అవ్వ ఏడ్వలేదు. వానిని వెలుతురువైపు త్రిప్పి, మొగము తడిమి, "నడక వాళ్ల నాయిందే" అనెను. జొన్నరొట్టె తిని, వాడు తన పళ్ళెమును తానే కడిగి గోడకానించి, చేతులు కట్టుకొని నిలుచుండెను. పిమ్మట కుండవైపు చూచి, మా యువతిని మెల్లగా, "అక్కా, నీళ్లు తాగొచ్చా?" అని యడిగెను. ఆ ప్రశ్న అవ్వకు అర్థము కాలేదు. ఎవరిని అడుగుచున్నాడో, ఎందుకడుగుచున్నాడో తెలియక ఆమె మా ముగ్గురి మొగములను వరుసగా చూచెను. ఏండ్లతరబడి వానికి అన్నము, గుడ్డ, చదువు శ్రద్ధతోనే ఇచ్చిన వ్యవస్థ తెలియకయే వానినుండి తీసికొన్నదేమో నాకు అప్పుడు తెలిసినది.

సంక్రాంతి దాటినపిమ్మట మరల పోయితిమి. మేనమామ ఆ యేడు పూనాకు పోయినాడు గాని, భార్యాపిల్లలను ఇంటనే ఉంచి పోయినాడు. మేము అరుగుమీద కూర్చుండగా, దుమ్ము కొట్టుకొన్న నలుగురు పిల్లలు వీధినుండి పరుగున వచ్చిరి. వారిలో మనవాడు చెంబు ముంచి, సగము రొమ్ముపై ఒలుకబోసికొనుచు గటగట త్రాగి, చెంబును అక్కడనే విసరి మరల వీధిన పడెను. "కుండ పగలగొడ్తవ్ రా దొంగ సచ్చినోడా!" అని లోపలినుండి అవ్వ కేక వినబడినది, వాడు అప్పటికే వేపచెట్టు దాటిపోయినాడు.