బెదిరే గుర్రం, బిగిసిన చేయి

లోపల గుండె దడదడలాడుతుంటే పైకి నిబ్బరంగా కనిపించే మనిషిని ఏమనాలి? ధైర్యవంతుడనాలా, నటుడనాలా? లోపల ఒకటి, బయట ఒకటి ఉండటం కపటుల లక్షణమని చిన్ననాటి నుంచీ చదువుకున్నవాళ్లం. అలాగని భయపడిన ప్రతివాడూ తన భయాన్ని నలుగురి ముందూ పరచుకుని కూర్చోవాలా? ఈ ప్రశ్న మాకు మదరసా గదిలో తట్టలేదు. గుర్రం మీది నుంచి కింద పడ్డాక తట్టింది.

మా మేనమామ పెళ్లి బరాత్‌లకు గుర్రాలు పంపేవారు. మాకు ఇరవై ఏళ్లున్నప్పుడు షాబాన్ నెల సెలవుల్లో వాళ్ల ఇంటికి వెళ్లాం. ఆయన అప్పుడే ఒక మూడేళ్ల ఆడగుర్రాన్ని కొన్నారు. దానికి జీను కొంత అలవాటైంది గానీ జనమూ, బాజాలూ, రోడ్డూ ఇంకా కొత్త. మామ కొడుకులు చూస్తున్నారన్న ఉత్సాహంలో స్వారీ వచ్చునని చెప్పి ఎక్కేశాం. ఆ మాట అబద్ధం. అంతకుముందు ఒక ముసలి గుర్రం మీద రెండు మూడు సార్లు కూర్చున్నామంతే.

దొడ్డి మూల గడ్డివాము మీద కప్పిన టార్పాలిన్ గాలికి టపటపమంది. గుర్రం చెవులు నిక్కించి ఆగిపోయింది. మేము మోకాళ్లు బిగించాం, ముందుకు వంగాం, రెండు పగ్గాలనూ గుండెలకేసి లాక్కున్నాం. అది చాలదన్నట్టు మడమలతో డొక్కలో పొడిచాం. అంటే ఒకే క్షణంలో దాన్ని ఆగమనీ అన్నాం, పరుగెత్తమనీ అన్నాం. అది మాత్రం ఏం చేస్తుంది? ముందుకాళ్లు లేపి పక్కకు దూకింది. మేము నేల మీద ఉన్నాం.

పడటం తప్పు కాదు. దైవప్రవక్త (స) కూడా ఒకసారి గుర్రం మీది నుంచి పడ్డారనీ, కుడిపక్క గీసుకుపోవడంతో కూర్చునే నమాజు చేయించారనీ హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. మా తప్పు ఆ తర్వాత జరిగింది. మామ అడిగినప్పుడు, అది మొండిదనీ, మనిషిని కావాలనే పడేసే రకమనీ చెప్పాం. మదరసాలో చదివే మేనల్లుడి మాట గనుక ఆయన నమ్మారు. వచ్చిన ధరకు అమ్మేద్దామనుకున్నారు. మనుషుల్ని పడేసే గుర్రమని ఒకసారి పేరుపడితే అలాంటి జంతువు చివరికి ఎలాంటి చేతుల్లో పడుతుందో మేము ఆలోచించలేదు.

ఆ సాయంత్రం దాన్ని కడుగుతున్న ముసలి సైసు మమ్మల్ని పిలిచాడు. "మౌల్వీసాబ్, కాస్త ఇది చూడండి" అంటూ గుర్రం పెదవి పక్కకు తీసి చూపించాడు. నోటి మూల కోసుకుపోయి ఎర్రగా ఉంది. కోసింది కళ్లెం. ఆ కళ్లేన్ని లాగింది మా చేయి. "దీనికే మాటలొస్తే మీ మామకు ఇంకోలా చెప్పేది" అన్నాడు. అంతే, మరో మాట అనలేదు. సాక్షికి ఉండవలసిన అర్హతల గురించి ఆ సంవత్సరమే పాఠం చదివాం. పరీక్షలో మార్కులు కూడా బాగానే వచ్చాయి!

ఆ రాత్రి మామ దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "సరే, రేపటి నుంచి దాని దాణా నువ్వే పెట్టు" అన్నారు.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. కనబడనిది ముక్కుకు సూటిగా కాస్త మేర, తోక వెనక కాస్త మేర. అనుమానం వస్తే ముందు పారిపోవడం, తర్వాత చూసుకోవడం దాని స్వభావం. అల్లాహ్ దాన్ని ఆ విధంగానే సృష్టించాడు. దాన్ని మొండితనమనడం మన అజ్ఞానం. ఈగ వాలినా చర్మం కదిలించే ఆ జీవికి, మన తొడలు బిగిస్తే, ఊపిరి ఆగితే తెలియకుండా ఉంటుందా? 2009లో స్వీడన్ పరిశోధకులు ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. గుర్రాలను నడిపించేవారికీ, స్వారీ చేసేవారికీ, ఈసారి దారిలో గొడుగు తెరుస్తామని ముందుగా చెప్పారు. నిజానికి ఎవరూ గొడుగు తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, వారితోపాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది. గొడుగు సంగతి గుర్రాలకు ఎవరు చెప్పారు?

కనుక గుర్రం ముందు నటన సాగదు. మనుషులు మోసపోతారేమో గానీ అది మోసపోదు. మరి భయపడేవాడికి దారి ఏది?

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) సంగతి బుఖారీ గ్రంథంలో ఉంది. జుల్ ఖలసా మీదికి నూట యాభై మంది ఆశ్వికులతో వెళ్లవలసిన నాయకుడాయన. తాను గుర్రం మీద స్థిరంగా కూర్చోలేనని ఆయన దైవప్రవక్త (స)కు దాచకుండా విన్నవించుకున్నారు. ఆయన (స) జరీర్ (రజి) ఛాతీ మీద చేత్తో చరిచి, స్థిరత్వం ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ తర్వాత ఆయన ఎన్నడూ గుర్రం మీది నుంచి పడలేదు. ఈ ఉల్లేఖనం ఎప్పుడు చదివినా మేము దుఆ దగ్గర కంటే ముందు ఆ విన్నపం దగ్గరే ఆగిపోతాం. సేనను నడిపించే మనిషి తన లోపాన్ని నోటితో చెప్పాడు. మేము మా మేనబావల ముందు చెప్పలేకపోయాం.

భయం కలగడం మన చేతిలో లేదు. దాన్ని సహాయం చేయగలవారితో చెప్పుకోవడం నిజాయితీ. మనల్ని మోస్తున్న జీవి నోటి మీద దాన్ని రుద్దకుండా చేయి వదులు చేసుకోవడం కరుణ. ఇది కపటం కాదు. భయం ఉందని మనసుకు తెలుసు, సైసుకు తెలుసు, అల్లాహ్‌కు తెలుసు. చేయి మాత్రం దానికి లొంగదు, అంతే. కపటమంటే రానిది వచ్చునని చెప్పడం, ఆ తర్వాత నేరాన్ని నోరులేని దాని మీద వేయడం.

ఆత్మవిశ్వాసాన్ని ఉర్దూలో 'ఖుద్ ఎతిమాదీ' అంటారు. అరబీలో ఎతిమాద్ అంటే ఆనుకోవడం. మేము ఆ రోజు పగ్గాల మీద ఆనుకున్నాం. అంటే మా బరువంతా గుర్రం పెదవుల మీద వేశాం.

సైసు నేర్పినది చెప్పుకోవడానికి చాలా చిన్న విషయం. మొదటి నాలుగు రోజులు ఎక్కనివ్వలేదు. పక్కన నడవమన్నాడు. టార్పాలిన్‌కు దూరంగా నిలబడి, గుర్రం తల దించేదాకా ఆగి, అప్పుడు ఒక్క అడుగు దగ్గరికి. ఎక్కాక, అది బెదిరితే రెండు పగ్గాలూ లాగకూడదు, ఒక్కటే మెల్లగా పట్టి గుండ్రంగా తిప్పాలి. మాట విన్న క్షణంలోనే పగ్గం వదలాలి. "లాగితే నేర్చుకోదు మౌల్వీసాబ్, వదిలితే నేర్చుకుంటుంది" అనేవాడు. ఊపిరి బయటికి వదలమనేవాడు. చేతకాకపోతే దిగిపోవడం సిగ్గు కాదనేవాడు. అసలు కొత్త రౌతుకు కొత్త గుర్రాన్ని ఇవ్వడమే తప్పని మామను కూడా మందలించాడు. తలకు గట్టి టోపీ లేకుండా ఇలాంటి గుర్రం ఎక్కడం తవక్కుల్ కాదని మేము ఇప్పుడు పిల్లలకు చెబుతుంటాం.

హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి పెంకిగా ఉన్న ఒంటెనెక్కి దాన్ని అటూ ఇటూ గట్టిగా తిప్పుతుంటే, మృదుత్వం వహించమని దైవప్రవక్త (స) ఆమెకు బోధించారు. ముస్లిం గ్రంథంలోని ఈ హదీసును మేము అంతకుముందు మనుషులతో మెలగవలసిన తీరు అని చదివాం. అది ఒంటె మీద ఉండగా చెప్పిన మాట అన్న సంగతి అప్పటిదాకా మా దృష్టికి రానేలేదు. అలాగే మదీనా ప్రజలు ఒక రాత్రి ఏదో శబ్దానికి కలవరపడినప్పుడు ఆయన (స) అందరికంటే ముందు, జీను కూడా లేకుండా, హజ్రత్ అబూ తల్హా (రజి) గుర్రమెక్కి వెళ్లి చూసి వచ్చారు. అది మందకొడి గుర్రమని పేరు. తిరిగి వచ్చి, భయపడవద్దని జనానికి చెప్పి, ఆ గుర్రాన్ని సముద్రంతో పోల్చి మెచ్చుకున్నారు. ఆ తర్వాత దాన్ని మరో గుర్రం దాటలేదట. ఒక జంతువుకు మేము పెట్టిన పేరునూ, ఆయన (స) పెట్టిన పేరునూ పక్కపక్కన పెట్టుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేం.

రమజాన్ నెలవంక కనిపించడానికి ముందు రోజు ఆ ఆడగుర్రం మీద టార్పాలిన్ పక్కగా వెళ్లాం. గాలి బాగానే ఉంది. అది చెవులు నిక్కించింది, ఒక అడుగు పక్కకు వేసింది, ఆగి బుస్సుమని ఊపిరి వదిలింది. మేమూ వదిలాం. ఎవరు ముందు వదిలారో చెప్పలేం. బాజాలకు మాత్రం అది చివరిదాకా అలవాటు పడలేదు. మామ దాన్ని అమ్మలేదు, బరాత్‌కూ పంపలేదు.