చిక్కుడుకి నిద్ర

మృగశిర కార్తె వచ్చిన వారానికి మా మూడో అంతస్తు బాల్కనీలోకి రెండు పాత పెయింటు బకెట్లు చేరాయి. ఒక్కోటీ 20 లీటర్లది. అడుగున చిల్లులు పెట్టడానికి స్క్రూడ్రైవరు పొయ్యి మీద ఎర్రగా కాల్చాను. ప్లాస్టిక్ కమురు వాసనకి పిల్లలిద్దరూ ముక్కులు మూసుకుని నవ్వారు. సగం ఎర్రమట్టి, మిగతా సగం పశువుల ఎరువూ కొబ్బరిపొట్టూ, పైన గుప్పెడు వేపపిండి. కలిపే పని నాదనుకున్నాను. పది నిమిషాల్లో అది వాళ్లదైపోయింది. బాల్కనీ కడిగే పని నాకు మిగిలింది.

ఏడేళ్ల పెద్దది బెండ కావాలంది. నాలుగేళ్ల చిన్నాడు, ఊరి నుంచి మా అమ్మ పంపిన చిక్కుడు గింజల పొట్లం పట్టుకున్నాడు. నల్లటి గింజకి తెల్లటి గీత ఉందని వాడి మురిపెం.

బెండ మాట నిలబెట్టుకుంది. 40 రోజులకల్లా పసుప్పచ్చ పువ్వు, ఏడో వారంలో మొదటి కాయ. రోజు విడిచి రోజు కొయ్యకపోతే ముదిరిపోతుంది. నూగుకి చేతులు దురదపెట్టినా పెద్దది ఆ పని ఎవరికీ ఇచ్చేది కాదు.

చిక్కుడు మాత్రం గ్రిల్లంతా అల్లుకుని ఆకే ఆకు. పేనుబంక పడితే సబ్బునీళ్లు కొట్టాం. పూత జాడ లేదు. చిన్నాడు పొద్దున్నే లేచి “ఇవాళ?” అనేవాడు. “రేపు” అనేవాణ్ని.

దాచుకోవడం దేనికి, నేను లోపల లెక్కలు వేస్తూనే ఉన్నాను. బెండ కాసింది, చిక్కుడు కాయలేదు. ఇంటికి ఎవరొచ్చినా పెద్దది గడగడా పద్యం అప్పజెబుతుంది, చిన్నాడు నా కాళ్ల వెనక్కి దూరతాడు. “అక్కని చూడు” అన్న మాట ఎన్నిసార్లు నోరుజారిందో.

నాటు చిక్కుడు వయసు చూసి పూయదనీ, రాత్రులు పొడవైతేనే పూస్తుందనీ ఎక్కడో చదివాను. అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొగాకు, సోయా మొక్కల మీద చేసి 1920లో ప్రచురించిన పరిశోధనతో ఈ సంగతి లోకానికి తెలిసింది. పగలు ఎంతుందో చూసుకుని పూసే మొక్కలున్నాయన్నారు వాళ్లు. ఆ మొక్కలు అసలు కొలిచేది రాత్రినే అని తర్వాత తేలింది. నడిరాత్రి కాసేపు దీపం పెట్టినా వాటి లెక్క తప్పుతుంది. ఇదంతా తెలుసు కాబట్టి ఓపిక పట్టాను. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, కార్తీకం సగమైంది. పూత లేదు.

ఒక రాత్రి వీడియో కాల్‌లో అమ్మకి పాదు చూపించాను.

“ఆ లైటేంట్రా, రాత్రంతా వెలుగుతుందా?”

“చిన్నాడికి చీకటంటే భయం కదమ్మా.”

“మరి పాదుకి నిద్రేదీ? నిద్ర లేనిదానికి పూతెక్కడిది?”

చదివింది నేను. చూసింది ఆవిడ. ఐదు నెలలుగా ఆ బల్బు కిందే నిలబడి చిక్కుడుని నిలదీస్తున్నాను.

సంగతి చిన్నాడికి చెప్పాను. కాసేపు ఆలోచించాడు. “దానికి భయం వెయ్యదా?”

“దానికి చీకట్లోనే పనుందట.”

స్టూలు లాక్కొచ్చుకుని తనే లైటు ఆర్పాడు. మూడు రాత్రులు నా చొక్కా పట్టుకునే పడుకున్నాడు. నాలుగో రాత్రి పట్టుకోలేదు.

ఆ తర్వాతెప్పుడో నడిరేయి మెలకువ వచ్చేసరికి పక్కన వాడు లేడు. దోమల జాలీకి ముక్కు ఆనించి, అక్క చెప్పే పద్యాన్ని చిక్కుడుకి చెబుతున్నాడు, మొత్తం. మూడో పాదంలో ఒక మాట తప్పింది. సరిదిద్దబోయి నాలుక కరుచుకున్నాను. లైటు వెయ్యలేదు.

వెలుగుని పొగిడినంతగా చీకటిని పొగడం మనం. ఇంటికి దీపం ఇల్లాలన్నాం, కొడుకుని కులదీపకుడన్నాం. చీకటి అన్న మాట తిట్టుకే మిగిలింది. కానీ గింజ మొలిచేదీ, వేరు తాగేదీ, బిడ్డ తొమ్మిది నెలలు పెరిగేదీ చీకట్లోనే. పిల్లల మీద మన చూపు కూడా ఒక బల్బే. భయపడతారని వేస్తాం, ఆర్పడం మరిచిపోతాం. అలాగని అందరికీ ఒకటే సూత్రం కాదు. పక్క బకెట్లోని బెండకి ఆ లైటు అడ్డం కాలేదు. పెద్దదీ అంతే, నలుగురూ చూస్తుంటేనే దాని గొంతు విచ్చుకుంటుంది. ఎవరికి ఎంత వెలుగో, ఎవరికి ఎంత చీకటో తెలుసుకోవడమే పెంపకం కాబోలు. నీళ్లు పోయడం తేలికే. తప్పుకోవడం దగ్గరే నాకు ఇంకా చెయ్యి తిరగలేదు.

డిసెంబరులో ఆకుల మధ్య నుంచి ఊదారంగు గుత్తులు లేచాయి. సంక్రాంతికి పిందెలు, రథసప్తమికి చేటెడు కాయలు. ఊరి నుంచి వచ్చిన అమ్మ చీపురుపుల్లలు గుచ్చి చిక్కుడుకాయలతో రథం కట్టింది, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టింది. సూర్యుడి పండక్కి రథమిచ్చింది రాత్రిళ్లు నిద్రపోయిన పాదు.

ఆ సాయంత్రం పండగ కదా, బాల్కనీలో రంగుల లైట్లు వేద్దామంది పెద్దది. చిన్నాడు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

“ఇక్కడొద్దు. పడుకుంది.”