ఖాళీ గడి కింద అక్షరం

గచ్చిబౌలిలో అద్దాల మేడల వెనుక సందులో ఒక చిన్న డీటీపీ షాపు ఉంది. మా దగ్గర చదువుకుని అక్కడే ఉద్యోగం చేస్తున్న అబ్బాయి మమ్మల్ని ఆ షాపుకు తీసుకెళ్లాడు. మేం ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన కొందరు టీచర్లం. పిల్లల కోసం తయారుచేసుకున్న పదాల పుస్తకం ముద్రించాలని మా ఆశ. అందులో గుంజాల గోండి లిపిలో ఒక మాట, పక్కన తెలుగు అర్థం ఉంటాయి. గోండిలో 'ఏర్' అని రాస్తే పక్కన 'నీళ్లు' అని ఉంటుంది.

ఫైల్ తెరవగానే తెలుగు చక్కగా కనిపించింది. గోండి ఉండాల్సిన చోటల్లా ఖాళీ గడులే. "సార్, ఈ డబ్బాలు తీసేస్తే పేజీ నీట్‌గా వస్తది. తీసెయ్యమంటారా?" అని ఆపరేటర్ అడిగాడు. మాకు బస్సు టైమవుతోంది. "తీసెయ్ బాబూ" అన్నాం.

ఆ మాట అన్నది మేమే. ఆపరేటర్ తప్పేం లేదు, అతను అడిగే చేశాడు. చూపించలేని దాన్ని తీసేయడం న్యాయమేనా అన్న ప్రశ్న మాత్రం రాత్రి బస్సులో మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

ముందు ఆ గడి ఏమిటో తెలుసుకుందాం. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. తెలుగు 'అ' సంఖ్య 3,077. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపిని ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. గచ్చిబౌలిలోనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఆ కృషిలో భాగముంది. 2018 జూన్‌లో ఈ లిపికి యూనికోడ్‌లో చోటు దక్కింది. అందులో 'అ' సంఖ్య 73,056. పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని 65,535 దాటిన సంఖ్యలను సరిగా చదవలేవు. చదవగలిగినా, ఆ అక్షరం బొమ్మ ఉన్న ఫాంట్ లేకపోతే తెరమీద గడి వస్తుంది.

అంటే ఆ గడి ఖాళీ కాదు. దాని కింద మన అక్షరం సంఖ్య భద్రంగా ఉంది. "ఇక్కడ ఒకటుంది, చూపించడం నాకు చేతకావడం లేదు" అని యంత్రం ఒప్పుకుంటోంది. అదే ఫైల్‌ను పాత పద్ధతిలో సేవ్ చేస్తే గడి పోయి ప్రశ్నార్థకం వచ్చి కూర్చుంటుంది. అప్పుడు కింద ఉన్న సంఖ్యే పోతుంది. ఆ తర్వాత ఎంత మంచి ఫాంట్ తెచ్చినా అక్షరం తిరిగి రాదు. తీసేసినా అంతే. పేజీ శుభ్రంగా ఉంటుంది కాబట్టి అక్కడ ఏదో పోయిందని చదివేవాళ్లకు అనుమానం కూడా రాదు.

ఆలోచిస్తే ఇది యంత్రం సంగతి మాత్రమే కాదనిపించింది. ఒకటో తరగతి పిల్లవాడు 'ఏర్' అన్నప్పుడు "తెలుగులో చెప్పు" అని ఎన్నిసార్లు అనలేదు మనం? వాడు నోరు మూసుకుంటే "వెనుకబడ్డాడు" అని రాసుకున్నాం. వాడి దగ్గర మాట ఉంది, అందుకోవడం మనకు చేతకాలేదు. ఆ లోటు మనది. మన లోటును వాడి పేరు పక్కన ప్రశ్నార్థకంగా పెట్టాం.

గడులున్న పుస్తకం పిల్లలకు ఎందుకు పనికొస్తుందని అడగవచ్చు. నిజమే, గడిని చూసి ఎవరూ చదువు నేర్చుకోరు. అక్షరాలను ఫొటోలుగా అతికిస్తే కాగితం మీద బాగానే ఉంటాయి, కానీ కంప్యూటర్‌లో వెతికితే ఆ మాట దొరకదు. అందుకే ఒక వరస పాటిద్దాం. నోటో సాన్స్ గుంజాల గోండి ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది, దాన్ని ఫైల్‌తోపాటు షాపుకు తీసుకెళ్దాం. పీడీఎఫ్‌లో ఫాంట్‌ను పొదిగించమని అడుగుదాం. అదీ కుదరకపోతే ఆ మాటను తెలుగు లిపిలో రాసి, అసలు లిపి ఇక్కడ ముద్రించలేకపోయామని ఒక వాక్యం చేర్చుదాం. మూల ఫైల్‌ను మాత్రం ఎవరినీ ముట్టనివ్వవద్దు.

మర్నాడు పొద్దున్నే షాపుకు ఫోన్ చేశాం. మూల ఫైల్ మా పెన్‌డ్రైవ్‌లో ఉంది కాబట్టి బతికిపోయాం. మా అబ్బాయి ఫాంట్ తీసుకెళ్లి ఇచ్చాడు. "అరె, ఇవి అక్షరాలా సార్!" అన్నాడట ఆపరేటర్.

2011 జనగణనలో గోండిని మాతృభాషగా చెప్పినవారు 29 లక్షలకు పైనే. అయినా ఆ భాష ఎనిమిదవ షెడ్యూల్‌లో లేదు. ఆ చోటు కోసం ప్రభుత్వాన్ని అడుగుదాం, అడగాల్సిందే. కానీ "తీసెయ్యమంటారా?" అన్న ప్రశ్న ముందుగా మన దగ్గరకే వస్తుంది, డీటీపీ షాపులోనూ, తరగతి గదిలోనూ. ఈసారి బస్సు పోయినా సరే, "ఉంచు బాబూ" అందాం.