శిబి త్రాసు: పవన విద్యుత్తు, బట్టమేక పిట్ట – ఒక నైతిక విచారణ

పవన విద్యుత్తు విస్తరణకూ వన్యపక్షుల సంరక్షణకూ మధ్య వివాదం తలెత్తిన ప్రతిసారీ ‘సమతుల్యం’ అనే మాట ముందుకు వస్తుంది. ప్రభుత్వ పత్రాల్లో, న్యాయస్థానాల తీర్పుల్లో, పత్రికల సంపాదకీయాల్లో అది ఎవరూ కాదనలేని మాటగా చెల్లుబాటవుతున్నది. తుల అంటే త్రాసు. త్రాసుకు రెండు తట్టలతోపాటు దాన్ని పట్టుకొనే చెయ్యి కూడా ఉంటుంది. సమతుల్యాన్ని గురించిన చర్చ ఏ తట్టలో ఏముందో వివరంగా చెప్తుంది. పట్టుకొన్న చెయ్యి ఎవరిది, ఈ తూనికలో ఆ చేతికి పోయేదేమైనా ఉందా అన్న చోట ఆగిపోతుంది. నైతిక విచారణ మొదలు కావలసింది అక్కడే.

ఈ ప్రశ్న భారత కథా సంప్రదాయానికి కొత్తది కాదు. అరణ్యపర్వంలోని శ్యేనకపోతోపాఖ్యానం తెలుగువారికి శిబి కథగా సుపరిచితం. సంస్కృత భారతంలో అది ఒకచోట ఉశీనరుని పేరిట, మరొకచోట ఆయన కుమారుడు శిబి పేరిట కనిపిస్తుంది. డేగ తరుముతుండగా పావురం రాజును శరణు వేడుతుంది. ఈ కథను త్యాగానికి దృష్టాంతంగా చెప్పి వదిలేయడం అలవాటైంది. దానివల్ల డేగ వాదం మరుగున పడింది. ఉశీనరుని కథలో ఆ వాదం చిన్నది కాదు. ఆహారం దొరకకపోతే తాను చస్తాననీ, తనతోపాటు ఆలుబిడ్డలూ చస్తారనీ, ఒక్క ప్రాణిని కాచి ఇన్ని ప్రాణాలు పోగొట్టడం ధర్మమెట్లా అవుతుందనీ డేగ అడుగుతుంది. ఇంకొక ధర్మాన్ని బాధించే ధర్మం ధర్మం కాదంటుంది. రెండు ధర్మాలు ఎదురుపడినప్పుడు గురులాఘవాలు చూసి నిర్ణయించుకొమ్మని రాజుకే బోధిస్తుంది. అంటే ఆ కథలో సమతుల్యవాది డేగే. రాజు డేగ ఆకలిని కాదనడు, పావురాన్నీ విడువడు. తన మాంసం కోసి తూకం వేస్తాడు. ఎంత వేసినా పావురమే బరువు తూగుతుంది. చివరికి తానే త్రాసెక్కుతాడు.

పవన విద్యుత్తు పక్షాన వినిపించే వాదం డేగ వాదమంత బలమైనది. దాన్ని పెట్టుబడిదారుల మాటగా కొట్టివేయడం తేలిక. న్యాయం మాత్రం కాదు. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లంతకుంట మండలాన్నే తీసుకోవచ్చు. అక్కడి ఇళ్ళకూ పొలాల మోటార్లకూ కరెంటు సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం ద్వారా అందుతుంది. 1970లో మొదలైన ఆ సంఘం జనం నోట ‘సెస్’. అందులో వినియోగదారులే సభ్యులు. పాలకవర్గాన్ని వాళ్ళే ఓటువేసి ఎన్నుకొంటారు. మధ్యమానేరు నీళ్ళు ఆ మండలంలోని అనంతగిరి జలాశయానికి ఎక్కేది కరెంటుతోనే, సిరిసిల్ల మరమగ్గం ఆడేదీ కరెంటుతోనే. ఆ కరెంటులో పెద్దపాలు బొగ్గుది. రామగుండం పొగగొట్టాలు అక్కడికి ఎంతో దూరం కావు. బొగ్గు బూడిదకూ, వేడెక్కుతున్న వాతావరణానికీ పక్షులు కూడా బలి అవుతాయి. గాలిమర రెక్క తగిలిన పక్షి దాని కిందనే పడి కనిపిస్తుంది. చెరువు ఎండి రాకుండా పోయిన పక్షి ఏ లెక్కలోకీ రాదు. కాబట్టి పక్షుల పేరిట గాలిమరను కాదన్నంత మాత్రాన పక్షులకు మేలు చేసినట్టు కాదు.

తెలంగాణలో పవన విద్యుత్తు స్థాపిత సామర్థ్యం 128 మెగావాట్ల దగ్గరే ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో అది 4,000 మెగావాట్లు దాటింది. అందులో ఎక్కువ భాగం రాయలసీమ గుట్టల మీదిది. 2013 చివరిలో దక్షిణాది గ్రిడ్ దేశ గ్రిడ్‌తో కలిసిపోయింది. స్విచ్ వేసిన మనిషికి తన ఇంట్లో వెలిగింది ఏ కొండ గాలో, ఏ గని బొగ్గో తెలుసుకొనే వీలు లేదు. శిబికి పావురం ఒడిలోనే ఉంది. ఈనాటి రాజుకు అది ఎన్నడూ కంటపడదు.

ఆ పావురం స్థానంలో తెలుగునేల మీద నిలిచిన పక్షి బట్టమేక పిట్ట. నిలబడితే సుమారు మీటరు ఎత్తు. మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగల పక్షుల్లో అత్యంత బరువైనవాటిలో ఇదొకటి. సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు, అదీ గూడు లేకుండా కటిక నేల మీద. నేల మీది మేతనూ ప్రమాదాన్నీ పక్కలకు చూసి పసిగట్టడానికి అలవడిన దాని కళ్ళకు ఎదురుచూపు తక్కువ. ఎగురుతూ వస్తున్నప్పుడు ముందున్న తీగ ఆలస్యంగా కనిపిస్తుంది. కనిపించాక అంత బరువైన ఒళ్ళు చటుక్కున మళ్ళదు. అందువల్ల దీని విషయంలో గాలిమర రెక్క కన్నా, దాని కరెంటును మోసుకుపోయే హైటెన్షన్ తీగే ఎక్కువ ప్రమాదకరం. ఒకప్పుడు జాతీయ పక్షిగా దీన్ని ప్రకటించాలని సలీం అలీ కోరారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. ఇప్పుడు దేశం మొత్తంలో మిగిలినవి నూటయాభైకి మించవని అంచనా.

కర్నూలు ప్రాంతపు రోళ్ళపాడు బీళ్ళలో 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఈ పక్షిని అధ్యయనం చేశారు. 1988లో అక్కడ 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. అయితే ఒక మాట ఒప్పుకోక తప్పదు. రోళ్ళపాడు నుంచి బట్టమేక పిట్టను వెళ్ళగొట్టింది గాలిమరలు కావు. కాలువ నీళ్ళు వచ్చాయి. జొన్న, కొర్ర పండే వర్షాధార నేలలో పంటలు మారాయి. అభయారణ్యం చుట్టూ ఉన్న గడ్డిబీళ్ళు పొలాలయ్యాయి. కరువుసీమలో కాలువను తప్పుపట్టగలవారెవరు? ఆ డేగ ఆకలీ నిజమైనదే. పక్షికి కావలసింది 614 హెక్టార్ల కంచె కాదు, దాని చుట్టూ మైళ్ళకొద్దీ ఉన్న బీడు. ఆ బీడు ఎవరి లెక్కలోనూ విలువైనదిగా లేకపోయింది.

ఇక్కడ భాషకూ బాధ్యత ఉంది. రెవెన్యూ దస్త్రాల్లో ఇటువంటి నేలకున్న పేర్లు బంజరు, పోరంబోకు. తెలంగాణలో గైరాన్, ఖారిజ్ ఖాతా. గైరాన్ అంటే పశువుల మేతకు విడిచిన భూమి అన్న అర్థమైనా ఉంది. తక్కినవి పన్ను రాని నేలకు పెట్టిన పేర్లు. పన్ను రానిది పనికిరానిది అయింది. ఆ తర్వాత ‘బంజరు భూముల్లో హరిత విద్యుత్తు’ అన్న వాక్యం తప్పు పట్టడానికి వీల్లేనట్టు వినిపిస్తుంది. గొర్రెల కాపరి ఆ నేలను బంజరు అనడు, బీడు అంటాడు. ఏ బీట్లో ఏ నెలలో ఏ గడ్డి మొలుస్తుందో చెప్తాడు. త్రాసులోని ఒక తట్ట ఖాళీగా ఉందని ముందే పేరు పెట్టాక తూకం వేయడం లాంఛనం మాత్రమే.

న్యాయస్థానం ఈ తూకాన్ని ఒకటికన్నా ఎక్కువసార్లు వేసింది. ఎం.కె. రంజిత్‌సింహ్ తదితరులు 2019లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 19న, రాజస్థాన్, గుజరాత్‌లలో సుమారు 99,000 చదరపు కిలోమీటర్ల పరిధిలో ఓవర్‌హెడ్ తీగలపై ఆంక్షలు పెట్టి, వీలైనచోట్ల భూగర్భ కేబుళ్ళు వేయమన్నది. 2024 మార్చి 21న ఆ ఆదేశాన్ని సవరించి, విషయాన్ని నిపుణుల సంఘానికి అప్పగించింది. అదే తీర్పులో వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి విముక్తిని రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కిందికి వచ్చే హక్కుగా గుర్తించింది. రెండో తీర్పు పక్షిని విస్మరించిందనడం సరికాదు. కానీ అందులో మనిషి ఆకలి హక్కుగా మాట్లాడింది. పక్షి మనుగడ మనిషి నెరవేర్చవలసిన బాధ్యతగానే మిగిలింది. హక్కుకూ బాధ్యతకూ తూకం వేస్తే ముల్లు ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు.

భూగర్భ కేబుళ్ళు ఖరీదైనవనీ, ఆ ఖర్చు చివరికి బిల్లు కట్టేవారి మీదనే పడుతుందనీ వచ్చే ఆక్షేపణ బలమైనది. సిరిసిల్ల మరమగ్గం కార్మికుని కూలిలోంచి బట్టమేక పిట్టకు మాంసం కోయమనడం ధర్మం కాదు. కథలో తొడకోత రాజుది, వంటవానిది కాదు. కనుక ఖర్చు ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న. ఎక్కువ కరెంటు వాడేవారూ, దాని మీద లాభం గడించేవారూ ఆ ఖర్చులో ఎంత మోస్తారన్నది. పైగా కోయవలసిన మాంసం ప్రతిసారీ అంత ఎక్కువేమీ కాదు. నార్వేలోని స్మోలా దీవిలో గాలిమర మూడు రెక్కల్లో ఒకదానికి నల్లరంగు వేస్తే పక్షుల మరణాలు సుమారు 70 శాతం తగ్గాయని ఒక చిన్న అధ్యయనం తేల్చింది. స్పెయిన్ దక్షిణ కొసన రాబందులు దగ్గరికి వచ్చినప్పుడు ఆ గాలిమరను మాత్రమే కాసేపు ఆపితే వాటి మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. పోయిన కరెంటు అత్యల్పం. తీగల దగ్గర మాత్రం పని ఇంత చవక కాదు. గాలిమర వేరొక గుట్టకు పోగలదు, తీగ దారి మళ్ళగలదు, ఒక ఏడాది ఆలస్యాన్ని మరుసటి ఏడాది పూడ్చుకోవచ్చు. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే జాతికి ఆ వెసులుబాటు లేదు. కపోతం ఎంతకూ తూగకపోవడంలోని అర్థం బహుశా ఇదే: పూడ్చుకోగలిగిన నష్టాన్నీ పూడ్చలేని నష్టాన్నీ ఒకే రాయితో తూచలేము.

రోళ్ళపాడు ప్రశ్న ఇక్కడ మరింత చిక్కుపడుతుంది. పక్షి కనిపించడమే వార్త అయిన బీడును ఇంకా ఎవరికోసం అట్టే ఉంచాలి? పూర్వపు కర్నూలు జిల్లాలోనే గని–శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సౌర పార్కు వచ్చింది; పిన్నాపురం ప్రాజెక్టు సూర్యుణ్ణీ గాలినీ నీటినీ ఒకేచోట కట్టింది. ఖాళీ అయిన ఆవాసం ఎవరిదీ కాదనే తర్కం చూడటానికి సహేతుకంగానే ఉంటుంది. కానీ వెళ్ళగొట్టినవారే ఇల్లు ఖాళీగా ఉందని ఆక్రమించుకోవడాన్ని మనుషుల మధ్య ఏ న్యాయమూ ఒప్పుకోదు. రాజస్థాన్‌లోని జైసల్మేర్ జిల్లాలో సమ్, రామ్‌దేవరా కేంద్రాల్లో ఈ పక్షిని పెంచుతున్నారు. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో తొలి పిల్ల పుట్టింది. ఆ పిల్లల పిల్లల్ని బయటికి వదిలే రోజు వస్తే వాటికి తీగలు అడ్డులేని బీడు కావాలి. తెలుగునేల మీద అటువంటి బీడు ఎక్కడుందని జైసల్మేర్ నుంచి ఎవరైనా అడిగితే రోళ్ళపాడు పేరు చెప్పగలమా అన్నది, ఆ చుట్టుపక్కల నేలకు దస్త్రాల్లో ఈలోగా ఏ పేరు రాసుకొంటామన్నదాని మీద ఆధారపడి ఉంది.