తోడుకు ఫలం అడగవచ్చా?

1989లో డేవిడ్ స్పీగెల్ బృందం లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించిన ఫలితం ఎందరికో ఆశ కలిగించింది. రొమ్ము క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకిన 86 మంది స్త్రీలలో, వారానికోసారి కూర్చుని తమ భయాలు చెప్పుకున్నవారు సగటున 36.6 నెలలు బతికారు, మామూలు చికిత్సే పొందినవారు 18.9 నెలలు. కానీ కెనడాలో 235 మందితో జరిగి 2001లో వెలువడిన అధ్యయనంలో ఆయుష్షులో తేడా రాలేదు. స్పీగెల్ తానే మళ్లీ చేసి 2007లో ప్రకటించిన ఫలితంలోనూ మొత్తంమీద రాలేదు. అయితే కెనడా స్త్రీలలో మొదటినుంచీ దిగులు ఎక్కువగా ఉన్నవారికి ఆ దిగులూ, నొప్పి బాధా తగ్గాయి. తోడు విలువను నెలల్లో కొలవడమే పొరపాటని నా అభిప్రాయం. అలా కొలిస్తే జబ్బు తిరగబెట్టిన మనిషి, తాను ధైర్యంగా లేనందుకే ఇలా అయిందని తనను తానే నిందించుకుంటుంది. ఇంతకంటే అన్యాయం లేదు.

రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఒంటరి స్త్రీలలో మరణాలు ఎక్కువని అమెరికా నర్సుల అధ్యయనం 2006లో చూపింది కదా అనవచ్చు. నిజమే. కానీ అయినవాళ్లు లేని మనిషికి ఆస్పత్రికి తీసుకెళ్లేవారు, వేళకు అన్నం పెట్టేవారు కూడా ఉండరు. ఆ తేడాలో మాటల ఓదార్పు వాటా ఎంతో విడదీయడం కష్టం. ఇంకా బలమైన అభ్యంతరం మన ఇళ్లలోనే వినిపిస్తుంది: ఎవరి కర్మ వాళ్లు అనుభవించాల్సిందే, మధ్యలో మనమేం చేస్తామని. కర్మ సిద్ధాంతాన్ని పూర్తిగా ఒప్పుకున్నా ఈ మాట నిలవదు. జబ్బుపడిన మనిషి బాధ ఆమె పూర్వకర్మే అనుకున్నా, చూస్తూ ముఖం తిప్పుకోవడం మన కర్మ అవుతుంది, ఈ జన్మలో, తెలిసి చేసింది. పైగా ఎదుటివారి కర్మ లెక్క చదవగల చూపు మనకెవరిచ్చారు?

బిడ్డ పోయిన కిసాగోతమికి బుద్ధుడు మందివ్వలేదు. చావు ఎరగని ఇంటినుంచి ఆవాలు తెమ్మన్నాడు. అలాంటి ఇంటి ఆవాలు దొరకలేదు, బిడ్డ బతకలేదు. గడప గడపనా తనలాంటి దుఃఖం ఉన్నవాళ్లు కనబడ్డారు. అది ఆమె పిచ్చి దుఃఖాన్ని మార్చింది. అయితే చుట్టూ జనం చేరితేనే చాలదు. పరామర్శకు వచ్చి “ఏం కాదు, ధైర్యంగా ఉండు” అని జబ్బుపడిన మనిషి నోరు మూయించేవాళ్లు ఎంతమంది ఉన్నా ఆమె ఒంటరే; ఒక్కోసారి ఆమె కోరేది ఏకాంతమే, దాన్నీ మన్నించాలి. కానీ చావు గురించి ఆమె మాట్లాడాలనుకున్నప్పుడు భయపడకుండా వినే ఒక్క మనిషి కావాలి. ఫలం ఆశించకుండా చేయమన్న గీత బోధకు ఇంతకన్నా కఠినమైన చోటు నాకు తోచదు: మందులు ఇక పనిచేయవని డాక్టర్లు చెప్పిన రోజునుంచి బంధువుల రాకపోకలు తగ్గుతాయి, ఆమెకు చెప్పుకోవాల్సింది ఎక్కువగా ఉండేది ఆ రోజుల్లోనే.