దాతలు ఒక్కటైనప్పుడు

కొన్నేళ్ళ క్రితం ఒక స్వచ్ఛంద సంస్థ పనిని మదింపు చేసే బృందంలో నేనూ ఉన్నాను. పాలమూరు పల్లెల్లో ప్రభుత్వ బళ్ళతో కలిసి పనిచేసే సంస్థ అది. బడి మానేసిన ఆడపిల్లల్ని మళ్ళీ చేర్పించడం, చదువులో వెనకబడిన పిల్లలకి సాయంత్రాలు పాఠాలు చెప్పడం, తల్లుల్ని కూడగట్టి బడి కమిటీలో మాట్లాడించడం వాళ్ళ పని. ఆ సంస్థకి నలుగురు దాతలు. నలుగురికీ నాలుగు రకాల నివేదికలు కావాలి. ఒకరి లెక్కల సంవత్సరం మార్చితో ముగుస్తుంది, మరొకరిది డిసెంబరుతో. ఒకరికి పిల్లల మార్కులు కావాలి, ఒకరికి హాజరు, ఒకరికి తల్లుల సంఘాల సమావేశాలు, ఇంకొకరికి ఫోటోలు. లెక్కలు చూసే అమ్మాయి నెలలో సగం రాత్రులు ఆ కాగితాలతోనే గడిపేది. ఆమెకి మూడేళ్ళ బిడ్డ ఉంది.

దాతలు విడివిడిగా కాక ఒక్కటిగా కూర్చోవాలనీ, ఒకే నిధి, ఒకే నివేదిక, కనీసం మూడేళ్ళ హామీ ఉండాలనీ మా బృందం సిఫారసు చేసింది. ఆ పేజీ రాసింది నేనే. ఆశ్చర్యంగా, వాళ్ళు ఒప్పుకున్నారు. చాలా సంతోషపడ్డాను. నేను రాసిన కాగితం ఒకరి బతుకులో ఇంత తేలిక తెస్తుందని అంతకుముందు నాకు అనుభవం లేదు.

ఏడాదిన్నర తర్వాత మళ్ళీ వెళ్ళాను. లెక్కల అమ్మాయి సాయంత్రం ఆరింటికి ఇంటికి వెళ్తోంది. కానీ ఊళ్ళలో తల్లుల సమావేశాలు ఆగిపోయాయి. ఎందుకని అడిగితే ఎవరూ సూటిగా చెప్పలేదు. నలుగురు దాతలూ కలిసి తయారు చేసుకున్న నమూనాలో, నలుగురికీ అభ్యంతరం లేని అంశాలే మిగిలాయి. ఎంతమంది చేరారు, ఎంతమంది చదవగలుగుతున్నారు, ఎంతమంది కూడికలు చేయగలుగుతున్నారు. తల్లుల సంఘాలు ముగ్గురు దాతలకి ఎప్పుడూ పట్టలేదు. పట్టిన ఒక్కరూ ఐక్యత కోసం సర్దుకున్నారు. ఆ సమావేశాలు నడిపే కార్యకర్త నన్ను బస్టాండు దాకా దింపుతూ అడిగింది: "మేడం, గా కొత్త కాయితంల నేను ఏ డబ్బల వస్త?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న తర్వాత కూడా నన్ను వదల్లేదు.

నలుగురు అత్తలున్న ఇంట్లో కోడలికి చాకిరీ ఎక్కువే. కాని వాళ్ళలో వాళ్ళకి పడనంత కాలం, ఒకరు కాదన్నది ఇంకొకరి దగ్గర అడిగి చేయించుకునే సందు ఉంటుంది. నలుగురూ ఒక్క మాట మీదికొచ్చిన రోజున చాకిరీ తగ్గవచ్చు, ఆ సందు కూడా మూసుకుపోతుంది. ఈ పోలిక చెప్తే ఒక మిత్రురాలు కోప్పడింది. బలహీనుల బతుకు బలవంతుల తగాదా మీద ఆధారపడటం కూడా ఒక స్వేచ్ఛేనా అంది. ఆమె మాట నిజమే. ఆ పాత రోజులు మంచివని నేను అనడం లేదు. ఆ రాత్రుల్ని ఒక ఆడపిల్ల తన నిద్రతో చెల్లించింది.

ఒక్కరి మీదే ఆధారపడితే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. రాజస్థాన్‌లో 1992లో మొదలైన లోక్ జుంబిష్, గ్రామాల్లో ఆడవాళ్ళని, తల్లిదండ్రుల్ని బడి నిర్ణయాల్లోకి తెచ్చిన గొప్ప ప్రయత్నం. దానికి స్వీడన్ ప్రభుత్వ సహాయ సంస్థ సీడా ప్రధాన దాత. 1998 మే నెలలో అదే రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిగాయి. స్వీడన్ సాయం ఆగిపోయింది. తర్వాత బ్రిటన్ ముందుకొచ్చినా, పని ఆ కుదుపు తినక తప్పలేదు. బాంబు పేల్చాలా వద్దా అని ఆ ఊళ్ళ ఆడపిల్లల్ని ఎవరూ అడగలేదు, శిక్ష మాత్రం వాళ్ళ బడికి పడింది. దాతలు పలువురై కలిసి నిలబడి ఉంటే ఒకరు వెళ్ళిపోయినా ఇల్లు కూలేది కాదేమో. అందుకే కలవడం తప్పని నేను అనలేను. కలిసి దేన్ని పంచుకుంటున్నారన్నదే ప్రశ్న. బరువునా, పెత్తనాన్నా?

ఇటీవలి కాలంలో వినిపించే మాట 'సంస్థల్ని బలపరచడం'. మంచి మాటే. కాని సభల్లో ఆ మాటకి అర్థం కొత్త సాఫ్ట్‌వేర్, కన్సల్టెంట్లు, నాయకత్వ శిక్షణ. మా కార్యకర్తని అడిగితే ఆమె బలం వేరే చోట ఉంది. నెలనెలా అందే జీతం, పీఎఫ్, ప్రసూతి సెలవు, చీకటి పడ్డాక ఇంటికి చేరడానికి ఆటో డబ్బులు. ఇవన్నీ 'పైఖర్చులు'. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, ఆ డబ్బులో పరిపాలనకి పెట్టే ఖర్చుని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. లెక్కలు రాసే అమ్మాయి జీతం, ఆఫీసు అద్దె అందులోంచే రావాలి. అదే సవరణ, ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకి ఇవ్వకూడదంది. దాంతో పెద్ద సంస్థ ద్వారా పల్లెలోని చిన్న మహిళా సంఘానికి డబ్బు చేరే దారి మూసుకుపోయింది. అంటే, ఎవరికి బలం కావాలో వాళ్ళకే అది అందకుండా పోయింది.

ఫలితాల్ని కొలిచి డబ్బివ్వడం మీద నాకు ద్వేషం లేదు. 2015 నుంచి 2018 దాకా భీల్వాడా జిల్లాలో ఎడ్యుకేట్ గర్ల్స్ సంస్థతో ఒక ప్రయోగం జరిగింది. యూబీఎస్ ఆప్టిమస్ ఫౌండేషన్ ముందుగా పెట్టుబడి పెట్టింది. అనుకున్న ఫలితాలొస్తే చిల్డ్రన్స్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ ఫౌండేషన్ లాభంతో కలిపి ఆ డబ్బు తిరిగి చెల్లించేలా ఒప్పందం. కొలవడానికి బయటి సంస్థ. చదువు నేర్పడంలో పెట్టుకున్న లక్ష్యంలో 160 శాతం, ఆడపిల్లల్ని చేర్చడంలో 116 శాతం సాధించారు. ఆ సంస్థకి 2025లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ పిల్లలు నిజంగా చదువుకున్నారు, దాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. కాని ఆ సంస్థకి ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగేది 'టీమ్ బాలిక' అనే జీతం లేని సేవకులు. పెట్టుబడికి లాభం రాసి ఉన్న ఒప్పందంలో, నడిచిన కాళ్ళకి కూలి లేకపోవడం మనకి ఎందుకు వింతగా తోచదు? ఇంటి చాకిరీని ప్రేమ అని పిలిచి లెక్కలోంచి తీసేసిన లోకంలోనే మనం పెరిగాం కనుకనా?

వేరే దారి లేదని ఎవరైనా అంటే నేను మహిళా సమతను గుర్తు చేసుకుంటాను. 1986 జాతీయ విద్యా విధానం ఇచ్చిన ఊతంతో, డచ్ ప్రభుత్వ సాయంతో 1980ల చివర్లో మొదలై, 1993లో మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలతో మన దగ్గరికి వచ్చింది. తర్వాత బ్రిటన్ కూడా నిధులిచ్చింది. అందులో నన్ను ఆకట్టుకున్న విషయం ఒకటి. రాజీకి వీల్లేని సూత్రాలంటూ కొన్నిటిని కార్యక్రమమే ముందుగా రాసి పెట్టుకుంది. సంఘం ఎంత వేగంగా నడవాలో, ముందు ఏ సమస్య పట్టుకోవాలో ఆ ఊరి ఆడవాళ్ళే నిర్ణయిస్తారు, పైనుంచి లక్ష్యాలు దిగవు అన్నది వాటి సారం. నిధులిచ్చేవాళ్ళు వాటిని ఒప్పుకునే లోపలికి రావాలి. ఆ పట్టుదల అన్ని ఊళ్ళలో, అన్ని ఏళ్ళూ నిలబడిందని చెప్పను. పైగా అంతటి కార్యక్రమాన్నీ 2016లో కేంద్రం గ్రామీణ జీవనోపాధుల మిషన్‌లో కలిపేయమంది. అయినా షరతులు పెట్టడం పుచ్చుకునే చేతికి కూడా సాధ్యమేనని మనకి అక్కడ కనిపించింది.

మనం దానం గురించి మాట్లాడేటప్పుడు ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుందని అనుకుంటాం. ప్రభుత్వ బడి విషయంలో ఆ బొమ్మే తప్పు. చదువు 2002 రాజ్యాంగ సవరణతో ప్రాథమిక హక్కయింది. దాన్ని అమలు చేసే చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. హక్కు ఉన్నచోట దాత యజమాని కాలేడు. మహా అయితే, ప్రభుత్వం తీర్చని బాకీలో కొంత ముందుగా సర్దిన మనిషి. బాకీ తీర్చిన చోట కృతజ్ఞత అడగడం సరికాదు. ఇంకా ముఖ్యంగా, ఆ సర్దుబాటు చూపించి ప్రభుత్వం తన బాకీ మాఫీ అయిందనుకోకూడదు. కలిసికట్టుగా కూర్చునే దాతలు ఒక్క సంస్థనే కాదు, బడికి టీచర్ని వెయ్యని ప్రభుత్వాన్ని కూడా ప్రశ్నించాలి. అంత ఐక్యత ఇంకెందుకు?

కనుక ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే, దాతలు ఒక్కటి కావాలనే చెప్తాను, కాని మూడు మాటలు కలుపుతాను. కష్టమొచ్చిన ఏడాది ఎవరూ జారుకోకుండా బరువు కలిసి మోయాలి. కార్యకర్తల జీతభత్యాల్ని పైఖర్చు అనకుండా పనిగానే లెక్కించాలి. నమూనా తయారయ్యే బల్ల దగ్గర పల్లెలో తిరిగే ఆడవాళ్ళు కూర్చోవాలి, 'ఇది మాకొద్దు' అన్నా నిధి ఆగకూడదు. ఈ మూడోది లేకపోతే మొదటి రెండూ దయగానే మిగిలిపోతాయి.

నా పాత సిఫారసులో ఈ మూడో మాట లేదు. లెక్కల అమ్మాయి అలసట నా కంటికి కనిపించింది కనుక దాని గురించి రాశాను. సమావేశాలు నడిపే కార్యకర్తని ఆ రోజు ఏమీ అడగలేదు. ఆమె అప్పుడు గదిలోనే ఉంది, మాకు టీ గ్లాసులు అందిస్తూ.