చోటిచ్చుట దానమా, ఋణమా?

మనుష్యుని స్వభావమును తెలిసికొనవలెనన్నచో ఆతని యింటికి పోయి చూచుటకంటె, ఆతనితో కూడ నిండిన బస్సులో అరగంటసేపు ప్రయాణము చేయుట మేలని మాకు తోచుచున్నది. ఇంటియందు ప్రతివాడును గృహస్థే. వచ్చినవారికి పీట వేయును, మంచినీళ్లిచ్చును, వీధిగుమ్మము దాక సాగనంపును. ఇల్లు తనది, పీట తనది, కీర్తియు తనదే. కావున నచ్చట మర్యాద సులభము. బస్సులోనన్ననో పీటలు కొన్నియే, వచ్చువారు పెక్కండ్రు, గృహస్థు మాత్రమెవ్వడును లేడు. అందరును అతిథులే యైనచోట ఆతిథ్యమిచ్చువారెవ్వరు? ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. కాని యొక నగరమునందలి జనులు ఒకరినొకరు మనుష్యులుగా నెంచుచున్నారో లేదో తేల్చునది యిదియే యని మా యభిప్రాయము.

మేము యూసుఫ్‌గూడలో కాపురముండి, ఫిలింనగరు సమీపమునందలి యొక పాఠశాలలో ఉపాధ్యాయత్వము చేయుచున్నవారము. దినమునకు రెండుమారులు జూబిలీహిల్సు చెక్‌పోస్టు మీదుగా బస్సులో పోయి వచ్చుచుందుము. ఈ ప్రాంతమును చూడనివారికి దానిని గూర్చి కొంత చెప్పవలెను. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసును విడిచి క్రమక్రమముగా హైదరాబాదునకు తరలివచ్చినప్పుడు ఈ రాతిగుట్టల మీదనే స్థిరపడినది. అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో 1970ల నడుమ ఈ ప్రక్కనే వెలసినది. రామానాయుడు స్టూడియోయు, ఫిలిం చాంబరును ఫిలింనగరునందే కలవు. ఇచ్చట వీథులను పేర్లతో కాక అంకెలతో పిలుతురు: రోడ్డు నంబరు 10, రోడ్డు నంబరు 36, అని. ఇండ్ల గుమ్మములు కానరావు. ఎత్తైన గేట్లు మాత్రము కానవచ్చును. సాయంకాలము ఆ గేట్లలోనుండి బయటికి వచ్చి బస్సు కొరకు నిలుచువారు ఇంటి యజమానులు కారు. వంటవారు, అంట్లు తోమువారు, కావలివారు, తోటమాలులు, కృష్ణానగరులో గదులద్దెకు తీసికొని వేషములకై యెదురుచూచు యువకులు, షూటింగులలో లైట్లు మోయువారు, వీరే మా బస్సునందలి ప్రజలు.

ఈ నగరమున ప్రజల బస్సు క్రొత్త గాదు. 1932వ సంవత్సరమున నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో ప్రారంభించిన శాఖయే, 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారి, రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ సంస్థయై నడుచుచున్నది. 2017 నవంబరులో మొదలైన మెట్రోరైలు 2019లో చెక్‌పోస్టు దాక వచ్చినది. 2023 డిసెంబరు 9వ తేదీనుండి మహాలక్ష్మి పథకము క్రింద తెలంగాణ స్త్రీలు నగరమునందలి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో రుసుము లేక ప్రయాణించుచున్నారు. కండక్టరు వారికి జీరో టికెట్టు నిచ్చును. ఆ టికెట్టు మీది సున్నను బట్టియే మాకీ వ్యాసము వ్రాయవలసివచ్చినది.

కొన్ని మాసముల క్రిందట నొక సాయంకాలము మేము పరీక్షపత్రముల కట్టను చంకనిడుకొని బస్సెక్కితిమి. బస్సు చెక్‌పోస్టు చేరునప్పటికి కిక్కిరిసిపోయినది. ఆడవారి సీట్లన్నియు నిండియుండుటచే, వెనుకతట్టు సీటులో నొక యేబదియేండ్ల స్త్రీ కూర్చుండియుండెను. ఆమె కాళ్లయొద్ద బియ్యపు సంచి. ఒడిలో మూతపెట్టిన స్టీలు గిన్నె. మా ప్రక్కను నిలిచియున్న యొక పెద్దమనుష్యుడు ఆమెను చూచి, “ఏమమ్మా, పైసలిచ్చినోళ్లు నిలబడితే ఊరికే వచ్చినోళ్లు కూర్చుంటరా? సారు అంత కట్ట పట్టుకొని నిలబడ్డడు, కనబడ్తలేదా?” అని గద్దించెను. ఆమె మారుమాటాడలేదు. గిన్నెను చేతబట్టుకొని లేచి మావంక తిరిగి, “కూసోండ్రి సారూ, నేను ఇగ దిగేదే ఉంది” అనెను.

మేము కూర్చుంటిమి.

తరువాతి స్టాపునందు ఆమె దిగలేదు. ఆ పై స్టాపునందును దిగలేదు. మేము దిగునప్పటికి ఆమె యొక చేత కడ్డీని, ఒక చేత గిన్నెను పట్టుకొని నిలిచియే యుండెను. ఆమె బియ్యపు సంచి అంతసేపును మా కాళ్లయొద్దనే యుండెను. ఆమె యాడిన యా చిన్న యబద్ధము తన యవమానమును కప్పిపుచ్చుకొనుటకు గాదు. మాకు సిగ్గు కలుగకుండుటకు. ఇరువదియేండ్లనుండి పిల్లలకు నీతి చెప్పుచున్న మేము ఆ మర్యాదను పుచ్చుకొంటిమే కాని మర్యాద యన నేమో యెరిగినవారివలె ప్రవర్తింపలేదు. ఆ రాత్రి పత్రములు దిద్దుచు, మేము చేసిన తప్పెట్టిదో విచారించితిమి. ఆ విచారణనే చదువరుల ముందుంచుచున్నాము.

మొదటి ప్రశ్న: పైకమిచ్చినవాడు సీటును కొన్నవాడగునా? కాడు. టికెట్టు మనలను ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చుటకు వ్రాసిన యొడంబడిక. సిటీబస్సులో సీటునకు నంబరు లేదు, దానిమీద నెవ్వరి పేరును లేదు. కిటికీలోనుండి రుమాలు విసరి సీటు పట్టుకొను మన యాచారమును చూచినప్పుడెల్ల మాకు లాకను నాంగ్ల తత్త్వవేత్త జ్ఞాపకమునకు వచ్చుచుండును. మనుష్యుడు తన శ్రమను కలిపిన వస్తువు వాని సొత్తగునని ఆయన వాదించెను. రుమాలు కలిపినను చాలునని యెచ్చటను చెప్పలేదు.

రెండవ ప్రశ్న: ఆ స్త్రీ ఊరక వచ్చినదా? ఆమె రుసుమును ప్రభుత్వము సంస్థకు చెల్లించుచున్నది. ప్రభుత్వపు ధనము ఆకసమునుండి పడునది గాదు. ఆమె కొనెడు సబ్బు మీది పన్నును దానిలో నొక చుక్కయే. అదియట్లుండనిండు. మేమును విద్యార్థిదశలో రాయితీ పాసుతోనే కాలేజికి పోయి వచ్చితిమి. మా పాసునకు తగ్గిన రుసుమును ఎవరో పరులు భరించిరి. ఆనాడు “అరటికెట్టువాడా, లెమ్ము” అని మమ్ముల నెవ్వరును లేపలేదు. చదువుకొను పిల్లవానికి లోకమిచ్చిన సాయము గౌరవమైనప్పుడు, పాచిపని చేసికొని యింటికి పోవు స్త్రీకి లోకమిచ్చిన సాయము భిక్షమెట్లగును? ఈ భేదమును కల్పించినది న్యాయము గాదు, మన యహంకారము.

మూడవ ప్రశ్నయే ముఖ్యమైనది: చోటు ఎవరికీయవలెను? ఈ ప్రశ్న మన పూర్వులకును తోచినది. మనుస్మృతి రెండవ యధ్యాయమునందు త్రోవలో ఎవరికి ప్రక్కకు తొలగి దారి యీయవలెనో యొక పట్టిక కలదు. వాహనముపై పోవువాడు, తొంబదియేండ్లు దాటినవాడు, రోగి, బరువు మోయువాడు, స్త్రీ, విద్య ముగించిన స్నాతకుడు, రాజు, పెండ్లికొడుకు, వీరందరికిని దారి విడువవలెనట. ఈ పట్టికను మేము పలుమారులు చదివితిమి గాని, బస్సు దిగి వచ్చిన యా రాత్రి చదివినట్లెన్నడును చదువలేదు. ఇందు రెండు జాతులవారు కలిసియున్నారు. వృద్ధుడు, రోగి, భారవాహుడు, వీరికి దారి యిచ్చుట వారి యవసరమును బట్టి. రాజునకును, స్నాతకునకును ఇచ్చుట వారి హోదాను బట్టి. మేము భారము మోయు స్త్రీని లేపి స్నాతకుని కూర్చుండబెట్టిన బస్సులో స్నాతకులమైతిమి!

ధర్మగ్రంథములను పొగడి యూరకుండుట మా యుద్దేశము గాదు. దారి విడువుమని చెప్పిన యా సంప్రదాయమే కొందరిని దారి త్రొక్కనీయక తరిమినది. 1901లో బాలుడైన అంబేద్కరు తోడివారితో మసూరు రైలుస్టేషనులో దిగినప్పుడు, కులము తెలిసిన బండివాండ్రు రెట్టింపు బాడుగ యిత్తుమన్నను బండి తోలుటకు ఒప్పుకొనలేదు. తుద కొకడు బండినిచ్చి తాను నడచి రాగా, పిల్లలే తోలుకొనవలసివచ్చినది. పైకమున్నను చోటు దొరకని కాలమది. 1955 డిసెంబరు 1వ తేదీన అమెరికాలోని మాంట్‌గోమరీ నగరమున రోజా పార్క్సను నల్లజాతి స్త్రీని, తెల్లవానికై బస్సులో సీటు విడువుమనిరి. ఆమె లేవలేదు. ఆమెను నిర్బంధించిరి. ఆ నగరమునందలి నల్లజాతివారు 381 దినములు బస్సెక్కక కాలినడకను పనులకు పోయి ఆ కట్టుబాటును కూల్చిరి. ఇందువలన మేము నేర్చుకొన్నదేమనగా, బలహీనునిచే విడిపించిన చోటు మర్యాద గాదు, దౌర్జన్యము. అందు కూర్చున్నవాడు నోరెత్తి గద్దింపకపోయినను దానిలో పాలివాడే.

మన బస్సులోని బోర్డులను చూడుడు. స్త్రీలకు, వృద్ధులకు, వికలాంగులకు అని వ్రాసియుండును. అది ఆ పాత పట్టికయే. రాజును పెండ్లికొడుకును మాత్రము అందుండి దిగిపోయిరి. ఇది మన కాలము సాధించిన సంస్కారము. కాని బోర్డు వ్రాయువాడు కన్నులకు కనబడువానినే వ్రాయగలడు. దినమంతయు నిలువుకాళ్లపై పని చేసినవాని యలసటకు బోర్డు లేదు. మూడవ నెల గర్భిణి కడుపు పైకి కనబడదు. చట్టము ముగిసినచోట మర్యాద మొదలగును.

ఇచ్చట నొక యాక్షేపము కలదు. “స్త్రీల రద్దీచే వృద్ధులైన పురుషులు నిలువబడుచున్నారు, అది న్యాయమా?” యని. కాదు. కాలేజికి పోవు పడుచుపిల్ల, ఎదుట నిలిచి యూగులాడు ముసలితాతకు లేచి చోటీయవలసినదే. ఋణము పురుషులకు మాత్రమే యున్నదని మేము చెప్పము. మెట్రోలో మరియొక జాడ్యము కలదు. అచ్చట అరుపులు లేవు, త్రోపులాట తక్కువ; కాని తలలన్నియు ఫోనులలోనికి వంగియుండును. చూచినచో లేవవలసివచ్చునని చూడకుండుట, చూచినను కనులు మూసికొని నిద్ర నటించుట! నటులందరును ఫిలింనగరు స్టూడియోలలోనే కలరనుకొనుట పొరపాటు.

ఇక పట్టికలో మొదటివాడైన వాహనారూఢుని మాట. జూబిలీహిల్సులో ఆ యొక్కనికి మాత్రము దారి విడువని దినము లేదు. కాలిబాటపై కారు నిలిచియుండును. స్టాపునందు కారు నిలిచియుండును. బస్సు నడిరోడ్డున నిలువగా సంచులు మోయుచు ఆడవారు వాహనముల నడుమ పరుగెత్తి యెక్కవలెను. కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానము చుట్టు ఉదయమున నడచుటకై కారులలో వచ్చు పుణ్యాత్ములను చూచినచో, నడక కూడ వాహనమున్నవారి సొత్తైపోయెనా యనిపించును. మన వంటమనిషి ఆలస్యముగా వచ్చెనని గడియారము చూపు గృహిణి, తన యింటి కారు ఏ స్టాపునకు అడ్డముగా నిలిచినదో యొకమారు విచారింపవలదా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. చోటిచ్చుట దానమైనచో, ఇచ్చినవాడు పెద్దయగును, పుచ్చుకొన్నవాడు చిన్నయగును. కృతజ్ఞత కనబడనిచో కోపము వచ్చును. ఋణమైనచో నిచ్చినవాడు తేలికపడును. పుచ్చుకొన్నవాడు తలవంపవలసిన పని లేదు. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూటిని మనమందరమెరుగుదుము. శతపథబ్రాహ్మణము నాలుగవదానినిగూడ చెప్పుచున్నది: మనుష్యులకు మనుష్యుడు పడిన ఋణము. అది అన్నము పెట్టుటచేతను, ఉండుటకు చోటిచ్చుటచేతను తీరునట. చోటిచ్చుట ఋణమని ఇంతకంటె స్పష్టముగా నెవ్వరు చెప్పగలరు?

ఆ స్త్రీని మేము మరల చూడలేదు. చూచినను ఏమని చెప్పుకొందుము? కాని పితృఋణము తండ్రికి తిరిగి యిచ్చునది గాదు. మన బిడ్డలను పెంచుటచే తీరును. మేము పడిన యీ ఋణమును నట్లే మరియొకరికి చెల్లించుచున్నాము. ఎవరైన ఎవరినైన “ఊరికే వచ్చినోళ్లు” అన్నచో, ఇప్పుడు మేము ఊరకుండుట లేదు. ఒకమారు మాట పడితిమి. ఒకమారు బస్సంతయు నవ్వినది. అది వడ్డీ యనుకొంటిమి.

చదువరులలో అనేకులకు బస్సెక్కవలసిన పని లేకపోవచ్చును. వారికి మా మనవి రెండే. మీ యింట పని చేయువారిని సాయంకాలపు రద్దీకి ముందుగా నొక యరగంట విడిచిపెట్టుడు. అది వారికి మీరు బస్సులో నిచ్చిన సీటే యగును. నెలకొక్కసారి మీ పిల్లలను బస్సులో తీసికొనిపొండు. కిటికీప్రక్కను కూర్చుండబెట్టి వీథి చూపుటకు మాత్రమే గాదు, ఎప్పుడు లేవవలెనో చూపుటకు. బియ్యపు సంచితో నొకామె యెక్కినప్పుడు, ఆమె అడుగక మునుపే, బిడ్డ లేచి నిలుచుట మీరు కన్నులార చూచినచో, ఆ బిడ్డకు మా తరగతిలో నీతిపాఠము మేము చెప్పవలసిన పని యుండదు.